జట్టీ మీది జట్టు

మా ఇంట్లో క్రికెట్ కార్డులు రెండు చోట్ల ఉంటాయి. పెద్దయ్యాక డబ్బు పెట్టి కొన్నవి ఆల్బమ్‌లో, ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ జేబులో ఉంటాయి. ఫిషింగ్ హార్బర్ రోజుల్లోవి మాత్రం పాత బిస్కెట్ల డబ్బాలో. చుట్టాలొస్తే ఆల్బమ్ చూపిస్తాను. డబ్బా అడిగిన అందరికీ తియ్యను. అందులో ఉన్న ఆటగాళ్లలో చాలామంది పేర్లు ఏ రికార్డు పుస్తకంలోనూ దొరకవు. నాకు ఎక్కువ ఇష్టమైనవాళ్లు వాళ్లే.

మాది విశాఖపట్నం పాత ఊరు. నాన్న మరబోట్లకు ఇంజన్లు బాగుచేసేవాడు. తెల్లారకముందే సంచీలో స్పానర్లు వేసుకుని హార్బర్‌కి వెళ్లిపోయేవాడు. బడి లేని రోజున నేనూ ఆయన వెనకే. అటుపక్క డాల్ఫిన్స్ నోస్ కొండ. దాని కింద 1976లో మొదలైన ఔటర్ హార్బర్‌లో పెద్ద పెద్ద ఓడలు ఇనప ఖనిజం నింపుకునేవి. ఇటుపక్క మా బోట్లు, ఒకదానికొకటి ఒరుసుకుంటూ, ఒక బోటు మీంచి ఇంకో బోటు మీదికి నడిచిపోయేంత దగ్గరగా. సరుకుతో వచ్చిన బోటు జట్టీకి ఆనుకోగానే తాళ్లు విసిరేవాళ్లు, గంపలు పట్టుకుని దిగేవాళ్లు, వేలం పాడేవాళ్లు, ఐసు చితక్కొట్టేవాళ్లు, అందరూ ఒక్కసారే అరిచేవారు. వంజరాలు ఒక కుప్ప, చందువలు ఒక కుప్ప, పారలు ఒక కుప్ప. రొయ్యలు మాత్రం నేల మీద పడేవి కావు. వాటిని కంపెనీ మనుషులు నేరుగా ఐసు పెట్టెల్లోకి ఎత్తించేసేవారు. పాట అయిపోగానే ఆడవాళ్లు గంపలు తలకెత్తుకుని ఊళ్లోకి నడక మొదలుపెట్టేవారు. వాళ్లు అటు వెళ్లేసరికి ఇటు ఎండ ఎక్కేది, జట్టీ ఖాళీ అయ్యేది. అప్పుడు మా ఆట.

ఆటకంటే ముందు బొమ్మలు. ఐసు ఫ్యాక్టరీకి ఎదురుగా ఒక కిళ్లీ కొట్టు ఉండేది. అందులో గాజు సీసా నిండా బిగ్‌ఫన్ బబుల్‌గమ్ ఉండేది. గమ్‌తోపాటు ఒక క్రికెటర్ కార్డు వచ్చేది, దాని మీద పరుగులో వికెట్లో అంకె వేసి ఉండేది. అలాంటి పరుగులు కూడబెట్టి ఇస్తే బహుమతిగా చిన్న పుస్తకం ఇచ్చేవారు. వేలితో ఫరఫర తిప్పితే బ్యాట్స్‌మన్ షాట్ కొడుతున్నట్టు కదిలే పుస్తకం. థమ్సప్ వాళ్లూ అప్పట్లో అలాంటివి ఇచ్చారు. దీంతో మాలో రెండు పార్టీలు తేలాయి. కార్డులిచ్చి పుస్తకం తెచ్చుకునేవాళ్లు ఒకటి, పుస్తకం లేకపోయినా సరే బొమ్మ వదలనివాళ్లు ఒకటి. నాది రెండో పార్టీ. ఒక్కసారి చేతికొచ్చిన మనిషిని పరుగుల లెక్కకి అప్పగించడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. ఈ రోజున ఆ కార్డులు అంత అరుదుగా దొరకడానికి కారణం కూడా అదే అనుకుంటాను. పోగుచేసినవాళ్లలో ఎక్కువమంది వాటిని తిరిగి ఇచ్చేశారు.

"ఏట్రా గుంటా, తినడానికి కొన్నావా, బొమ్మకి కొన్నావా?" అని కిళ్లీ కొట్టు తాత అడిగేవాడు. నేను జవాబు చెప్పేలోపే, "బొమ్మకేలే, గమ్ము మీ చెల్లికియ్యి" అనేవాడు. చెల్లి గుమ్మం దగ్గరే కాచుకుని ఉండేది.

హార్బర్ పిల్లల చేతుల్లో కార్డులు బోట్లను బట్టి వచ్చేవి. ఇది ఊళ్లో పిల్లలకు తెలియని సంగతి. ఉద్యోగస్తుల పిల్లలకు ఒకటో తారీఖు ఉంటే, మాకు బోటొచ్చిన రోజు ఉండేది. రొయ్య పడిందంటే మావయ్యల జేబుల్లో చిల్లర గలగలలాడేది, ఆ సాయంత్రం కొట్టులో సీసా సగానికి దిగేది. సముద్రం బాగోలేదని పోర్టు వాళ్లు ప్రమాద సూచిక ఎగరేస్తే బోట్లు కదిలేవి కావు, మా కార్డులూ పెరిగేవి కావు. ఆ రోజుల్లో కొనడం ఉండదు కాబట్టి మార్పిళ్లు జోరుగా సాగేవి. తుఫాను గాలికి రేకులు కొట్టుకుంటుంటే వలలు దాచే షెడ్డులో కూర్చుని బేరాలాడేవాళ్లం. వివ్ రిచర్డ్స్ కావాలంటే ఇద్దరు మామూలు బౌలర్లు, పైన ఒక వికెట్‌కీపర్. కపిల్‌దేవ్‌కి ధర లేదు. ఉన్నవాడు ఇవ్వడు, అంతే.

మా చిన్నమావయ్య పెద్ద ట్రాలరు మీద కళాసీ. ఆ బోట్లు టైగర్ రొయ్యల కోసం ఒడిశా దాటి, బంగాళాఖాతం ఎగువన శాండ్‌హెడ్స్ దాకా పోయేవి. వెళ్తే వారాల తరబడి రావు. మధ్యలో పారాదీప్‌లో ఆగితే మావయ్య అక్కడి కొట్లో బబుల్‌గమ్ కొని, గమ్ తోటి కళాసీలకు పంచి, బొమ్మలు మాత్రం నాకోసం లుంగీ కొంగులో ముడేసి తెచ్చేవాడు. మా కొట్టులో ఎన్ని విప్పినా రాని ఆటగాళ్లు పారాదీప్ కార్డుల్లో వచ్చేవారు. అందుకని నా జతగాళ్లు నా క్షేమం అడిగేవారు కాదు. "మీ మావయ్య బోటు ఎప్పుడొస్తాది?" అని అడిగేవారు. ఆ కార్డులకు డీజిలు వాసన, రొయ్య వాసన కలిసి పట్టేసేవి. ఇప్పటికీ డబ్బా మూత తీసి వాసన చూస్తాను. ఇప్పుడు మిగిలింది పాత అట్ట వాసనే అని తెలిసినా చూస్తాను.

1987లో ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఆ అక్టోబరు 31న నాగపూర్‌లో చేతన్ శర్మ న్యూజీలాండ్ మీద వరసగా ముగ్గుర్ని బౌల్డ్ చేశాడు. అదే మ్యాచ్‌లో గావస్కర్ వన్డేల్లో తన ఒకే ఒక్క సెంచరీ కొట్టాడు. ఆ తరవాతి జనవరిలో మద్రాసులో హిర్వాణీ తొలి టెస్టులోనే 16 వికెట్లు తీశాడు. అందరం వాళ్ల బొమ్మల కోసం పడి చచ్చాం. అయితే మా హార్బర్‌ని కుదిపేసింది వీళ్లెవరూ కాదు.

1988 డిసెంబరు 10, శనివారం. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో భారత్, న్యూజీలాండ్ వన్డే. మన ఊళ్లో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ అది. స్టేడియం మాకు నడిచి వెళ్లేంత దూరం. టిక్కెట్లు లేవు, గోడ ఉంది. గోడ బయట నిలబడి, చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకుంటే లోపలి అరుపు ఒకసారి గాల్లోంచి, ఒకసారి రేడియోలోంచి వినిపించేది. ఆ రోజు శ్రీకాంత్ 27 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, తరవాత బ్యాటింగుకి వచ్చి 70 కొట్టాడు. శ్రీకాంత్! కళ్లు మూసుకుని కొడతాడని మేం అనుకునే శ్రీకాంత్, బౌలింగులో అయిదు వికెట్లు! మర్నాడు వలల షెడ్డులో మా ధరలన్నీ తలకిందులయ్యాయి. శ్రీకాంత్ కార్డు మీద పరుగులే ఉన్నాయి కదా, వికెట్ల లెక్కకి అది పనికొస్తుందా రాదా అని పెద్ద తగువు. ఒకడు పెన్ను తీసి కార్డు మీద "5 వికెట్లు, వైజాగ్" అని రాసేశాడు. ఆ రాతతో కార్డు పాడైపోయిందని కొందరు, ఇప్పుడే దానికి విలువ వచ్చిందని నేను. ఆ మార్పిడిలో నేను ఒక ఇమ్రాన్‌ఖాన్‌ని వదులుకుని ఆ శ్రీకాంత్‌ని తెచ్చుకున్నాను. ప్రపంచంలో అలాంటి కార్డు ఇంకొకటి లేదు.

పెన్ను పెట్టి రాయొచ్చు అని తెలిశాక మాకు ఇంకో ఆలోచన వచ్చింది. హైదరాబాదు నుంచి అజహరుద్దీన్ ఉన్నాడు, తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. అర్షద్ అయూబ్ ఉన్నాడు. మరి మన సముద్రం వైపు నుంచి ఎవరూ లేరేం? బడిలో లెక్కల మాస్టారిని అడిగితే ఆయన సి.కె. నాయుడు గురించి చెప్పారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు కెప్టెన్ తెలుగువాడని, తరవాత 1953–54లో ఆంధ్ర జట్టు రంజీల్లో అడుగుపెట్టినప్పుడు అరవై దగ్గరపడ్డ వయసులో వచ్చి దానికీ కెప్టెన్‌గా నిలబడ్డాడని. మాకు ఒళ్లు పులకరించింది. మన పక్క విజయనగరం నుంచి విజ్జీ 1936లో కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడనీ చెప్పారు. కానీ ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపేశారని విన్నాక ఆయన కార్డు చెయ్యడానికి మాకెవరికీ మనసొప్పలేదు. నాయుడు కార్డు మాత్రం చేశాం. పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి, సిగరెట్ పెట్టె అట్టకి అన్నం మెతుకులతో అంటించాం. రెండు నెలలకే బొద్దింకలు తినేశాయి.

అట్ట బాగోలేదు, ఇంకోటి చూడాలి. అప్పుడు మా వీధిలో ఉండే ఒక అక్క దారి చూపించింది. ఆవిడ రొయ్యల కంపెనీలో వొలుపుకి వెళ్లేది. ఆ కంపెనీలు గడ్డకట్టించిన రొయ్యల్ని రెండేసి కిలోల పలకలుగా చేసి, మైనం పూత పూసిన అట్టపెట్టెల్లో పెట్టి, అలాంటివి పదేసి ఒక పెద్ద పెట్టెలో సర్ది, జపాన్‌కీ అమెరికాకీ పంపేవి. అచ్చు తేడా పడ్డ పెట్టెలు, మూల చిరిగినవి మూలన పడేసేవారు. అక్క అవి అడిగి తెచ్చిచ్చింది. బయటి వైపు నున్నగా, నీళ్లు పోస్తే జారిపోయేలా. లోపలి వైపు గరుకుగా, పెన్ను పట్టేలా. బిగ్‌ఫన్ కార్డు కొలత పెట్టి బ్లేడుతో కోశాం. సి.కె. నాయుడి పేరు మొదటి దాని మీద రాశాం, కెప్టెన్ అని. ఆయన వెనక మిగతా పదిమంది ఎవరు?

మేమే. అంటే మా హార్బర్ జట్టు.

ఎండుచేపలు ఆరబెట్టే చోటికీ వలల షెడ్డుకీ మధ్య ఆడేవాళ్లం, టెన్నిస్ బంతితో. బంతి నీళ్లలో పడితే అవుటు. ఆరేసిన చేపల మీద పడితే అవుటు కాదు గానీ, అక్కడ కాపలా ఉన్న మామ్మ నోటికి దొరికేవాళ్లం. బొమ్మలు గీయడం ఎవరికీ సరిగ్గా రాదు. ముఖాలు గీస్తే అందరూ ఒకేలా ఉన్నారు. అందుకని ఎవడి ఇంటి పని వాడి గుర్తుగా పెట్టాం. వల అల్లేవాళ్ల అబ్బాయికి చెక్కసూది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి దిమ్మలు లాగే కొక్కెం. నాకు స్పానరు. వికెట్‌కీపర్‌కి రెండు రబ్బరు గ్లౌజులు, ఎందుకంటే వాడు రొయ్యలు వొలిచే గ్లౌజులే తొడుక్కుని కీపింగ్ చేసేవాడు. అట్ట ఒకటే పొర కాబట్టి గరుకు వైపునే పైన గుర్తు, కింద నీలం సిరాతో పరుగులు, వికెట్లు, క్యాచులు. ప్రతి ఆదివారం లెక్క సరిచేసి కొత్త కార్డు రాసేవాళ్లం. పాతది ఆటగాడికి, కొత్తది నాకు. లెక్కలు రాసేది నేనే, అక్షరాలు బాగుంటాయని.

మా జట్టులో అందరికంటే మంచి ఆటగాడు ఒక ఎడమచేతి బౌలరు. వాడి కార్డు మిగతావాళ్ల కార్డుల్లా ఉండదు. వాడు నాకంటే మూడేళ్లు పెద్ద, అప్పటికే బడి మానేసి బోటెక్కేశాడు. బోటు ఒడ్డున ఉంటేనే ఆట. అందుకే వాడి కార్డు మీద అంకెల మధ్యలో చుక్కలు ఉంటాయి. నాలుగు వికెట్లు, చుక్క, చుక్క, చుక్క, మూడు వికెట్లు, చుక్క. ఒక్కో చుక్క ఒక ఆదివారం, వాడు సముద్రం మీద ఉన్న ఆదివారం. బోటు నుంచి దిగి, ఐసు నీళ్లకు నానిన వేళ్లు లుంగీకి తుడుచుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చి వేసేవాడు. బంతి కుడి చేతివాళ్లకి లోపలికి దూసుకొచ్చేది. వాడికి కోచ్ లేడు, తెల్ల బట్టలు లేవు, తోలు బంతి పట్టుకున్నాడో లేదో కూడా నాకు అనుమానమే. నేను తరవాత ఎన్నో స్టేడియాల్లో ఎందరినో చూశాను. ఎడమ చేత్తో అంత తేలిగ్గా బంతి వేసినవాళ్లు నాకు ఎక్కువమంది కనబడలేదు. ఇది అభిమానంతో అంటున్న మాటే. అభిమానం లేకుండా ఆటని చూడడం ఎలాగో నాకు తెలీదు.

ఉద్యోగం వచ్చాక హైదరాబాదు వెళ్లాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట తిరుగుతుంటే, పుస్తకం మడతలోంచి, పాత ఉత్తరాల కట్టలోంచి ఎప్పుడైనా ఒక కార్డు రాలిపడేది. అలా నాకు 1938లో ప్లేయర్స్ సిగరెట్ కంపెనీ వేసిన యాభై క్రికెటర్ల వరసలోంచి కొన్ని దొరికాయి. అప్పుడే ఈ కార్డుల పుట్టుక చదివాను. మెత్తటి సిగరెట్ పెట్టెలో సిగరెట్లు నలగకుండా గట్టి అట్టముక్క పెట్టేవారు, దాని మీద బొమ్మ అచ్చేస్తే కొనేవాడు మళ్లీ మళ్లీ కొంటాడని కనిపెట్టారు. ప్లేయర్స్ కంపెనీ ఇంపీరియల్ టొబాకోలో భాగం. ఇక్కడ గుంటూరులో ఐఎల్‌టీడీ అనే కంపెనీ మన రైతుల దగ్గర వర్జీనియా పొగాకు కొని ఇంగ్లండుకి పంపేది. అంటే మన పొగాకు ఓడెక్కి ఎక్కడికి వెళ్లిందో, అక్కడి నుంచే ఈ బొమ్మలు వచ్చాయి.

అమెరికాలో బేస్‌బాల్‌కి ఇదే కథ, ఇంకా పెద్దది. 1909 నుంచి 1911 దాకా సిగరెట్లతో ఇచ్చిన వరసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ఒకటి ఉంది. త్వరగా ఆపేయడంతో చాలా కొద్దిగానే మిగిలింది. తరవాత బబుల్‌గమ్ కంపెనీలు వచ్చాయి, బ్రూక్లిన్‌లో టాప్స్ అనే కంపెనీ 1952లో పెద్ద వరస వేసింది. అందులో మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో వేలంలో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది. నన్ను కదిలించింది ఆ ధర కాదు. ఆ వరసలో అమ్ముడుపోకుండా మిగిలిన కార్డుల పెట్టెల్ని 1960 ప్రాంతంలో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో కుమ్మరించేశామని, ఆ కార్డులు రూపొందించిన సై బెర్గరే తరవాత చెప్పాడు. హార్బర్‌లో పెరిగినవాణ్ని, నాకు ఆ దృశ్యం కళ్లకు కట్టింది. పెట్టెలు నీళ్లలో పడగానే ముందు తేలతాయి, అట్ట తాగాక మెల్లిగా మునుగుతాయి. ఎందరు పిల్లల ఆటగాళ్లో ఆ నీళ్లలో కలిసిపోయారు.

నీళ్లు నా డబ్బాకీ వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటినప్పుడు పాత ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. అమ్మా నాన్నా పక్కవాళ్ల డాబాలో తల దాచుకున్నారు. నేను వచ్చేసరికి అటక మీది సామానంతా తడిసి ముద్ద. డబ్బాలో బిగ్‌ఫన్ కార్డులు చాలావరకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే ఒకడి ముఖం ఇంకొకడి వీపుకి వచ్చేసింది. పెన్ను రాత శ్రీకాంత్ మాత్రం అంచున ఉండి బతికాడు. రొయ్యల పెట్టె కార్డులకు మైనం పూత కాపలా కాసింది. గరుకు వైపులు రెండూ లోపలికి పెట్టి జంటలుగా కట్టి ఉంచాను కాబట్టి సిరా కాస్త చెదిరినా అంకెలు నిలిచాయి. మంచులో నెల్లాళ్లు ప్రయాణించే సరుకు కోసం చేసిన అట్ట అది. చెక్కసూది ఉంది, కొక్కెం ఉంది, స్పానరు ఉంది, చుక్కల కార్డు ఉంది.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. టీవీలో చూసి మర్నాడే రైలెక్కాను. జట్టీ పక్కన నల్లగా మిగిలిన చెక్కల మధ్య పాత జతగాళ్లు కనిపించారు. మా చెక్కసూది అబ్బాయి వాటాలో ఉన్న బోటు కూడా పోయింది. వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడడం తప్ప నేనేం చెయ్యగలను? కాసేపటికి వాడే, "ఆ బొమ్మలు ఉన్నాయేట్రా నీ దగ్గర?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఎడమచేతి బౌలరు ఇప్పుడు గుజరాత్‌లో, వెరావల్‌లో బోటు మీద పనిచేస్తున్నాడని చెప్పి ఫోన్ కలిపాడు. చుక్కల సంగతి చెబితే అటునుంచి పెద్ద నవ్వు. "ఆ చుక్కల్లో కూడా ఆడినాం బావూ, పారాదీప్ జట్టీ మీద. ఒడియా గుంటలతోటి. రాసుకో" అన్నాడు. ముప్పై అయిదేళ్ల కిందటి ఆటలు, వాడికి వికెట్లు గుర్తున్నాయి! నేను రాసుకున్నాను. నీలం సిరా పెన్నే వెతికి తెచ్చుకుని, చుక్కల పైన చిన్న అంకెలతో రాశాను.

ఇప్పుడు ఒక్క కార్డే లేదు, వికెట్‌కీపర్‌ది. దాన్ని వాడే పట్టుకుపోయాడు, వాళ్ల కుటుంబం హార్బర్ వదిలి వెళ్లేటప్పుడు. ఎక్కడున్నారో పాత వీధిలో ఎవరికీ తెలియలేదు. రొయ్యల పెట్టె అట్ట, ఒకవైపు మైనం నునుపు, ఇంకోవైపు రెండు రబ్బరు గ్లౌజులు, కింద నా చేతిరాతలో క్యాచుల లెక్క. ఎవరి ఇంట్లోనైనా, ఏ ట్రంకుపెట్టె అడుగునైనా కనిపిస్తే చెప్పండి. ఊరికే ఇమ్మనను. మారుగా ఇవ్వడానికి నా దగ్గర కపిల్‌దేవ్‌లు ఇద్దరున్నారు, ఒకడికి మడత కూడా పడలేదు.